జఠరాగ్నియు, దానిని చల్లార్చు మందులును
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో గావించిన ఉపన్యాసము)



 ఈ పాఠశాల బల్లలపై కూర్చుండి ఓనమాలు దిద్దుకొన్న వారము మేము. ఆ పాఠశాలయే నేడు మమ్ము పిలిచి, పెద్దల యెదుట నాలుగు మాటలు చెప్పుమన్నది. ఇట్టి సభలలో మాతృభాషను గూర్చియో, శీలనిర్మాణమును గూర్చియో ప్రసంగించుట వాడుక. మేము వైద్యులము కాము. మందుల తత్త్వమును విద్యార్థులకు బోధించి జీవితము గడిపిన వారము. తెలియని విషయమును తెలిసినట్లు చెప్పుటకంటె, తెలిసిన దానినే విన్నవించుట మంచిదని తలంచితిమి. కనుక కడుపులో పుట్టు ఆమ్లమును గూర్చియు, దానికై మన యిండ్లలో వాడుచున్న మందులను గూర్చియు, ఆ మందులు తమలో తామును, ఇతర మందులతోను పడు పేచీలను గూర్చియు ముచ్చటింతుము.

దీనికిని తెలుగు బడికిని సంబంధమేమని మీరడుగవచ్చును. సంబంధము కలదు. హోసూరు ప్రాంతమున మన యింటిభాష తెలుగు. ఊరిలో వైద్యుని యొద్దకు పోయినచో ఆయన అరవమున ‘నెంజెరిచ్చల్ ఉన్నదా?’ అని అడుగును. సరిహద్దు దాటి బెంగుళూరునకు పోయినచో ‘ఎదెయురి’ అని కన్నడమున పలుకుదురు. మాత్రల అట్టమీది అక్షరములు ఇంగ్లీషువి. ఈ మూడు భాషల నడుమ మన అవ్వ ‘గుండెల్లో మంట’ అని తెలుగున మొరపెట్టుకొనును. ఆమె మాటను వైద్యునకును, వైద్యుని మాటను ఆమెకును అందించువారెవరు? మన పిల్లలే. అట్ట చదివి ఏ మాత్ర ఎప్పుడు వేసికొనవలెనో చెప్పునది ఎనిమిదవ తరగతి మనుమరాలు. అంగడికి పరుగెత్తి ‘గ్యాసు మాత్ర’ తెచ్చునది ఆరవ తరగతి మనుమడు. ఆ పిల్లలకు తెలియవలసినది ముందు మనకు తెలియవలెను గదా!

మొదట ఒక మాట. కడుపులోని ఆమ్లము మనకు శత్రువు కాదు. మన పూర్వులు దానిని ‘జఠరాగ్ని’ యనిరి. పొయ్యిలో నిప్పు లేనిదే అన్నము ఉడకదు. ఆ నిప్పే పొయ్యి దాటి కప్పునకు అంటినచో ఇల్లు కాలును. అన్నకోశములోని ఆమ్లమునకును ఈ నీతియే చెల్లును.

ఈ ఆమ్లము ఏమిటో కనుగొన్న కథ వినదగినది. 1820వ దశాబ్దపు తొలినాళ్ళలో విలియం ప్రౌట్ అను ఆంగ్ల వైద్యుడు జఠరరసములో ఉన్నది హైడ్రోక్లోరికామ్లమేయని నిరూపించెను. పిల్లలు ప్రయోగశాలలో గాజుసీసాలో చూచు ఆమ్లమే యది. అదే కాలమున, 1822లో, అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునకు తుపాకి దెబ్బ తగిలి కడుపునకు రంధ్రము పడెను. అతడు బ్రదికెను గాని ఆ రంధ్రము పూర్తిగా పూడలేదు. అతనికి చికిత్స చేసిన విలియం బోమాంట్ అను సైనిక వైద్యుడు ఆ రంధ్రముగుండ ఆహారపు తునకలను దారముకట్టి లోనికి దించి, అవి ఎట్లు కరగుచున్నవో ఏండ్ల తరబడి పరిశీలించి, 1833లో గ్రంథము ప్రకటించెను. ఆ రోగి పడిన యాతనను తలచినచో మనసు కలుక్కుమనును. కాని జీర్ణక్రియను గూర్చి లోకమునకు తెలిసినదానిలో మొదటి పాఠములు కొన్ని ఆ గాయము నుండియే వచ్చినవి.

ఆరోగ్యవంతుని కడుపులో దినమునకు ఇంచుమించు లీటరున్నర మొదలు రెండు లీటర్ల వరకు జఠరరసము ఊరును. ఇందలి ఆమ్లము మాంసకృత్తులను జీర్ణించు పెప్సిన్ అను రసమును మేల్కొలుపును. ఆహారముతో వచ్చు సూక్ష్మజీవులలో పెక్కింటిని చంపును. ఆహారములోని ఇనుమును కరగించి రక్తములోనికి పోవుటకు యోగ్యముగా చేయును. బీ-12 విటమినును ఆహారపు పట్టు నుండి విడిపించును. కడుపు లోపలి గోడకు జిగటపొర కవచమై యున్నందున ఆమ్లము ఆ గోడను తినివేయదు. ఆ కవచము చెడినప్పుడు పుండు పడును. అన్నకోశము పైనున్న బిగువు సడలి ఆమ్లము అన్నవాహికలోనికి ఎగదన్నినప్పుడు ఛాతిలో మంటయు, పుల్లని త్రేన్పులును కలుగును.

ఇక ఆమ్లము పుట్టు విధానము. కడుపు గోడలో కొన్ని ప్రత్యేక కణములు కలవు. వానిలో అతిసూక్ష్మమైన పంపులు ఉన్నవి. బావి నుండి నీరు తోడు మోటారువలె ఈ పంపులు ఆమ్లకణములను కడుపులోనికి తోడిపోయును. అవి తోడిన చోట ఆమ్లత రక్తములో కంటె పది లక్షల రెట్లకు మించి యుండును. శరీరములో ఇంత బరువు మోయు యంత్రములు అరుదు.

ఆ పంపులను నడుపుటకు మూడు ఆజ్ఞలు వచ్చును. మొదటిది నరముల ద్వారా వచ్చు ఎసిటైల్‌కోలిన్. పోపు ఘుమఘుమ ముక్కునకు సోకగనే కడుపులో రసము ఊరుట దీనివలననే. రెండవది గ్యాస్ట్రిన్. ఇది కడుపులో అన్నము పడగనే రక్తములో కలసి వచ్చును. మూడవది హిస్టమిన్. ఇది ఇరుగుపొరుగు కణముల నుండియే వచ్చును. మూడు ఆజ్ఞలు వేరైనను చివరకు తిరుగునది ఒక్క పంపే. ఈ చిత్రమును మనస్సున నిలుపుకొన్నచో మందుల కథ సులభమగును. పుట్టిన ఆమ్లమును విరుచు మందులు ఒక తెగ. ఆజ్ఞను అడ్డు మందులు రెండవ తెగ. పంపునే ఆపివేయు మందులు మూడవ తెగ.

మొదటి తెగను ఆమ్లహరములు అందురు. వంటయింటి సోడాఉప్పు మొదలు, అంగడిలో దొరకు గులాబిరంగు, తెలుపురంగు ద్రవముల వరకు ఇవి పెక్కు. సోడాఉప్పు ఆమ్లముతో కలిసినప్పుడు ఉప్పు, నీరు, బొగ్గుపులుసు వాయువు పుట్టును. సోడా త్రాగినంతనే ‘బ్రేవు’మని త్రేన్పు వచ్చి సుఖము కలుగుటకు ఆ వాయువే కారణము. కాని దానితో శరీరమునకు చేరు సోడియము రక్తపుపోటు గలవారికిని, హృద్రోగులకును మంచిది కాదు. అల్యూమినియము హైడ్రాక్సైడు మలబద్ధము కలిగించును. మెగ్నీషియము హైడ్రాక్సైడు విరేచనములు కలిగించును. ఈ రెంటి గుణమును సరిపెట్టుటకే రెంటిని కలిపి సీసాలలో పోయుదురు. మూత్రపిండములు చెడినవారు ఈ ద్రవములను వైద్యుని అడుగక త్రాగరాదు. ఆ లోహములు వారి శరీరము నుండి వెలికి పోజాలక నిలిచిపోవును. ఆమ్లహరములు నిమిషములలో పని చేయును. కాని ఖాళీ కడుపున వేసికొన్నచో వాని ప్రభావము అరగంటకో గంటకో తీరిపోవును. భోజనానంతరము పుచ్చుకొన్నచో రెండు మూడు గంటలు నిలువవచ్చును.

రెండవ తెగ హిస్టమిన్ ఆజ్ఞను అడ్డునవి. సర్ జేమ్స్ బ్లాక్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును కడుపులో హిస్టమిన్ తాకు స్థానము వేరుగా నున్నదని 1972లో చూపిరి. ఆ స్థానమును మూయు సిమెటిడిన్ అను మందు 1976లో ఇంగ్లండున అమ్మకమునకు వచ్చెను. అంతకుముందు కడుపు పుండునకు కత్తివైద్యమే గతియైనవారు వేలమంది ఈ మాత్రతో గట్టెక్కిరి. బ్లాక్ పండితునకు 1988లో నోబెల్ బహుమానము లభించెను. తరువాత రానిటిడిన్, ఫామోటిడిన్ వచ్చినవి. రానిటిడిన్ మాత్రలలో ఎన్.డి.ఎం.ఏ. అను కీడైన పదార్థము కనుగొనబడినందున 2020 ఏప్రిలులో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ వానిని అంగళ్ళ నుండి తీసివేయుమని కోరెను. ఈ తెగ మందులు గంటలోపల పనికి దిగి, ఇంచుమించు పది పండ్రెండు గంటలు నిలుచును. రాత్రివేళ ఊరు ఆమ్లమునకు ఇవి బాగుగ పనికివచ్చును. లోపమేమనగా, ప్రతిదినము వాడినచో వారము రెండు వారములలో శరీరము వీనికి అలవాటుపడి గుణము తగ్గును.

మూడవ తెగ పంపును ఆపునవి. స్వీడను దేశమున పుట్టిన ఒమెప్రజోల్ 1988లో వాడుకకు వచ్చెను. దాని వెంట పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఈసొమెప్రజోల్ మొదలగునవి వచ్చినవి. మన యిండ్లలో ‘గ్యాసు మాత్ర’ యని వాడుచున్నది నేడు పెక్కుపాళ్ళు ఇదే. దీని నడక విచిత్రమైనది. ఈ మందు ఆమ్లము తగిలినచో చెడిపోవును. అందుచేత దానికి కడుపులో కరగని పూత పూయుదురు. అది ప్రేవులలో కరగి, రక్తములో కలసి, తిరిగి కడుపు గోడలోని కణములను చేరును. అచ్చట ఆమ్లము తోడుచున్న పంపు చెంత ఆ ఆమ్లము చేతనే మేల్కొని, పంపునకు తాళము వేయును. ఆ తాళము ఊడదు. శరీరము క్రొత్త పంపును నిర్మించుకొను వరకు ఆమ్లము తగ్గియే యుండును. కావుననే రక్తములో గంట రెండు గంటలలో సగము తరిగిపోవు మందు దినమంతయు గుణమిచ్చుచున్నది.

ఇందుండి మనము నేర్వవలసిన పాఠములు మూడు. ఒకటి: నిద్రించు పంపునకు ఈ తాళము పడదు, పనిచేయు పంపునకే పడును. పంపులు మేల్కొనుట అన్నము తిన్నప్పుడు. కాబట్టి మాత్రను ఉదయపు ఫలాహారమునకు అరగంట మొదలు గంట ముందు వేసికొనవలెను. ఇడ్డెనలు తిని, కాఫీ త్రాగి, తీరికగా వేసికొనువారు మందు ధనమును కొంత వృథా చేసికొనుచున్నారు. రెండు: మొదటి దినముననే పంపులన్నియు ఆగవు. పూర్తి గుణము కనబడుటకు మూడు నాలుగు దినములు పట్టును. ‘నిన్న ఒకటి వేసికొంటిని, మంట తగ్గలేదు, ఈ దినము మూడు వేసికొందును’ అనుట తప్పు. మూడు: పూతను పగులగొట్టరాదు. మ్రింగలేని వృద్ధులకు మాత్రను నూరి పాలలో కలిపి యిచ్చుట మేము చూచియున్నాము. నూరినచో మందు కడుపులోనే చెడును. అట్టివారికి తగిన రూపము నిమ్మని వైద్యుని అడుగవలెను.

ఈ మూడు తెగలలో చేరనివియు కొన్ని కలవు. సుక్రాల్ఫేటు పుండుమీద మైనమువలె అంటుకొని కాపాడును. ఆల్జినేట్ అను సముద్రపు నాచు సారము కడుపులోని రసముపై తెప్పవలె తేలి, అది పైకి ఎగయకుండ అడ్డుకొనును. డోంపెరిడోన్ కడుపును త్వరగా ఖాళీ చేయించును. మన దేశమున దీనిని పంపుమందుతో కలిపి ఒకే గొట్టములో అమ్ముట మిక్కుటము. ఇది గుండె లయను చెరచు ప్రమాదము కలది కాన, వైద్యుడు చెప్పినన్ని దినములే వాడవలెను. జపానులో 2014లో అనుమతి పొందిన వోనోప్రజాన్ అను క్రొత్త తీరు మందు పంపును మరియొక విధమున ఆపును. దానికి అన్నముతో నిమిత్తము లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఈ మందులను కలిపి వాడవచ్చునా? ‘ఒకటి మంచిదైన రెండు మరింత మంచివి’ యను లెక్క ఇచ్చట పొసగదు.

పంపుమందును, హిస్టమిన్ అడ్డుమందును ఒకేసారి మ్రింగినచో ఏమగును? రెండవది ఆజ్ఞను ఆపును. ఆజ్ఞ లేనిదే పంపులు మేల్కొనవు. మేల్కొనని పంపునకు మొదటి మందు తాళము వేయజాలదు. ఒకదాని పనికి మరియొకటి అడ్డుపడునన్న మాట. అయినను రాత్రి మంటతో నిద్ర పట్టనివారికి ఉదయము పంపుమందును, పరుండబోవు వేళ ఫామోటిడినును వైద్యులు వ్రాయుటయు కలదు. వేళలు వేరైనందున అక్కడ చిక్కు తక్కువ. మంట హఠాత్తుగా లేచినప్పుడు పంపుమందు వాడువారు ఆమ్లహర ద్రవమును అప్పుడప్పుడు త్రాగవచ్చును. సుక్రాల్ఫేటు మాటయో, అది అంటుకొనుటకు ఆమ్లము కావలెను. అందుచేత దానిని అన్నమునకు గంట ముందు ఖాళీ కడుపున పుచ్చుకొని, దానికి అటు నిటు అరగంటలోపల ఆమ్లహరమును త్రాగకుండవలెను.

ఇతర మందులతో ఈ మందులు పడు పేచీ ఇంతకంటె పెద్దది. అది రెండు మూడు విధములుగా జరుగును.

మొదటి విధము పట్టి వేయుట. అల్యూమినియము, మెగ్నీషియము, కాల్షియము వంటి లోహములు కొన్ని మందులను కడుపులోనే పట్టుకొని రక్తములోనికి పోనీయవు. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ మున్నగు సూక్ష్మజీవి నాశకములు ఇట్లు వృథాయగును. జ్వరమునకు మందు తినుచున్నాము గదా, జ్వరమేల తగ్గదని మనము విచారింతుము. సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఆమ్లహరమునకు రెండు గంటల ముందో, ఆరు గంటల తరువాతనో వేసికొనవలెను. క్షయరోగమునకిచ్చు ఐసోనియాజిడ్ గుణమునుగూడ అల్యూమినియపు ద్రవములు తగ్గించును. క్షయ మందులు ఆరు నెలలు తిను రోగికి ఇది చిన్న నష్టము కాదు.

రెండవ విధము ఆమ్లము కొఱత. ఇనుపమాత్రలు, తామరకును బూజుతెగులునకును ఇచ్చు కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ గొట్టములు, కాల్షియము కార్బొనేటు, ఇవి ఒంటికి పట్టుటకు ఆమ్లము కావలెను. ఆమ్లమును ఆర్పివేసి ఈ మందులను మ్రింగుట నిప్పులేని పొయ్యిపై ఎసరు పెట్టుట వంటిది. రక్తహీనతకు నెలల తరబడి ఇనుపమాత్రలు తినినను రక్తము పెరుగని తల్లులు, తాము వాడు గ్యాసు మాత్రను గూర్చి వైద్యునికి తప్పక చెప్పవలెను.

మూడవ విధము కాలేయములో జరుగును. సిమెటిడిన్ ఇతర మందులను విరుచు కాలేయపు పనిని అడ్డును. ఉబ్బసపు మందు థియోఫిలిన్, మూర్ఛ మందు ఫెనిటాయిన్, రక్తము పలుచన చేయు వార్ఫరిన్ దానివలన రక్తములో హెచ్చిపోవును. ఒమెప్రజోల్, ఈసొమెప్రజోల్ అనునవి గుండె రోగులకిచ్చు క్లోపిడోగ్రెల్‌ను కాలేయము మేల్కొలుపకుండ చేయును. ఈ విషయమై 2009లో అమెరికాలో ప్రభుత్వ హెచ్చరిక వెలువడెను. పాంటోప్రజోల్‌కు ఈ దోషము తక్కువ. గుండెకు గొట్టము వేయించుకొన్నవారు ఎవరి మాటనో విని మాత్ర మార్చరాదు. హృద్రోగ వైద్యునే అడుగవలెను.

ఇవి పుస్తకపు మాటలని మీరనుకొందురేమో. మా యింట జరిగినదే చెప్పెదము. మా తల్లిగారికి గళగ్రంథి మందగించుటచేత థైరాక్సిన్ మాత్ర నియమింపబడెను. ఏడాది గడచినను ఆమెకు నిస్సత్తువ తీరలేదు. పరీక్షలో లెక్క సరిపడలేదని వైద్యులు రెండుమారులు మోతాదు పెంచిరి. ఒకనాటి ఉదయము మేము ఆమె చెంత కూర్చుండి చూచితిమి. ఆమె తన మాత్రలన్నియు అరచేతిలో పోసికొనెను. థైరాక్సిన్, గ్యాసు మాత్ర, ఇనుపమాత్ర, కాల్షియము మాత్ర అన్నియు ఒక్కసారిగా నోట వేసికొని కాఫీతో మ్రింగెను. ‘ఒక్కసారే అయిపోవును గదా నాయనా!’ అనెను. ఆమె తప్పేమి? ఆమె మాత్రల అట్టమీది అక్షరములు ఆమె చదివినవి కావు. మందుల పాఠములు ఊరివారి బిడ్డలకు చెప్పిన మేము, ఏడాదిపాటు మా తల్లి అరచేతిలోనికి తొంగి చూడలేదు. థైరాక్సిన్ తెల్లవారగనే నీటితో, అరగంట గంట దాటినపిదప కాఫీ, ఇనుమును కాల్షియమును నాలుగు గంటలు గడచిన తరువాత, అని వేళలు మార్చి, ఆ సంగతి వైద్యునకు చెప్పితిమి. కొన్ని నెలలకు లెక్క సరిపడినది. పెంచిన మోతాదును ఆయన తగ్గించెను.

గ్యాసు మాత్రను నెలలు, ఏండ్లు వాడవచ్చునా యని తరచుగ అడుగుదురు. అవసరము ఉన్నవారు వాడవలెను. గుండెకై ఆస్పిరిన్, కీళ్ళనొప్పులకై డైక్లోఫెనాక్ వంటివి నిత్యము తిను వృద్ధులకు పంపుమందు కడుపులో రక్తము పోకుండ కాపాడు రక్షణ. అట్టివారు మా మాట విని మానుకొన్నచో మాకు పాపము చుట్టుకొనును. కాని ఏ కారణమో ఎవరికిని జ్ఞాపకము లేకయే అయిదారేండ్లుగా వేసికొనుచున్నవారు మన వీధిలో ఎందరు! దీర్ఘకాల వాడుకలో బీ-12 విటమిను కొఱత రావచ్చును. రక్తములో మెగ్నీషియము పడిపోవచ్చును. దీనిపై 2011లో అమెరికాలో హెచ్చరిక వెలువడెను. ప్రేవులకు సూక్ష్మజీవి బాధలు హెచ్చవచ్చును. ఎముకలు విరుగుటతో దీనికి సంబంధమున్నట్లు పరిశోధనలు సూచించుచున్నవి. ఇట్లని ఒక్కపెట్టున మానివేసినచో, అంతవరకు అణగియున్న కణములు విజృంభించి కొన్ని వారములు ఆమ్లము మునుపటికంటె ఎక్కువగా ఊరవచ్చును. దానిని చూచి ‘మాత్ర లేక నేను బ్రదుకలేను’ అని భ్రమపడి మరల మొదలుపెట్టుదురు. వైద్యుని సలహాతో మెల్లమెల్లగ తగ్గించుట తెలివి.

ఇంకొక మాట. కడుపు పుండునకు కారము, కోపము, చింతయే మూలమని పూర్వము నమ్మిరి. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అను వైద్యులు 1982లో ఒక మెలికల సూక్ష్మజీవిని పెంచి చూపి, పెక్కు పుండ్లకు అదియే కారణమని చాటిరి. లోకము నమ్మకపోగా 1984లో మార్షల్ ఆ జీవులను తానే త్రాగి కడుపుబ్బసము తెచ్చుకొనెను. 2005లో ఆ యిరువురకును నోబెల్ బహుమానము వచ్చెను. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. మన దేశమున ఇది మిక్కిలి వ్యాపించియున్నది. దీనికి పంపుమందుతో పాటు సూక్ష్మజీవి నాశకములు కలిపి ఇత్తురు. ఇట్టి రోగి యేండ్ల తరబడి ఉత్త గ్యాసు మాత్రతో కాలక్షేపము చేసినచో మంట చల్లారును గాని మూలము చెడదు. ఆ చికిత్సలో వాడు క్లారిత్రోమైసిన్‌తో డోంపెరిడోన్ కలియుట గుండెకు ప్రమాదకరము. తాము తిను మాత్రలన్నిటిని వైద్యునకు చూపవలెననుటకు ఇదొక కారణము.

ఇక చివరకు చెప్పుటకు మాకు నోరు రాని సంగతి ఒకటి కలదు. చెప్పకపోయినచో ఈ ఉపన్యాసము వలన ప్రయోజనము లేదు.

మన భాషలో ఈ బాధను ‘గుండెల్లో మంట’ యందుము. అరవమునను కన్నడమునను గూడ ఎదమంటయనియే పేరు. బాధ పుట్టినది కడుపున, పేరు నిలిచినది గుండెమీద. కొన్నివేళల బాధ నిజముగా గుండెదే యగును. ఒక రాత్రి భోజనానంతరము మా పినతండ్రిగారు ఛాతి బరువుగా నున్నదనిరి. చెమట పట్టినది. ‘ఉద్దిగారెలు తింటిని, గ్యాసు పట్టినది’ అని ఆయనయే తీర్పు చెప్పిరి. మేము ఆమ్లహర ద్రవమును రెండు మూతలు పోసి యిచ్చితిమి. త్రేన్పు వచ్చినది, కొంచెము సుఖముగా ఉన్నదనిరి. మేమును నమ్మి పరుండితిమి. తెల్లవారుజామున ఆసుపత్రికి తీసికొనిపోవుసరికి కాలము మించిపోయినది. అది గుండెపోటు. సీసా అందించినది మా చేయియే. అప్పటికి మేము ఆ పాఠమును ఇరువది యేండ్లుగా చెప్పుచున్నవారము.

కనుక జ్ఞాపకముంచుకొనుడు. ఆమ్లహరముతో బాధ తగ్గినంత మాత్రమున అది గుండె జబ్బు కాదనుటకు ఆధారము లేదు. ఛాతిలో బిగింపు, బరువు, నొప్పి ఎడమ చేతికో, భుజమునకో, దవడకో ప్రాకుట, చెమట, ఆయాసము, తల తిరుగుట, వీనిలో ఏది కనబడినను సీసా వెదకవలదు, 108కు ఫోను చేయుడు. మధుమేహము గలవారిలోను, స్త్రీలలోను గుండెపోటు ఉత్త వికారముగనో, పైకడుపు నొప్పిగనో రావచ్చును. అట్లే నల్లని తారువంటి మలము, రక్తపు వాంతి, మ్రింగుటకు కష్టము, కారణము లేక బరువు తగ్గుట ఉన్నచో మాత్రలతో కాలహరణము చేయక వైద్యుని చూడవలెను. పెద్దల మాత్రను ముక్కచేసి పిల్లలకు ఇవ్వరాదు. గర్భిణులు అడుగకయే ఏ మాత్రయు వేసికొనరాదు.

తల్లులారా, తండ్రులారా! మిమ్ము మేము కోరునది మిక్కిలి చిన్న పని. ఈ ఆదివారము మీ పిల్లలను కూర్చుండబెట్టుకొని, ఇంటిలోని పెద్దల మందులన్నియు బల్లమీద పెట్టించుడు. ఒక కాగితముపై తెలుగులో వ్రాయించుడు: మందు పేరు, ఎందులకు, ఏ వేళకు, అన్నమునకు ముందా వెనుకనా, ఏ మందునకు ఎంత యెడముండవలెను, ఎన్నాళ్ళ నుండి వాడుచున్నారు. తెలియని గడిని ఖాళీగా వదలుడు. దానిని వైద్యునిచేతనో, మందుల అంగడిలోని అర్హుడైన ఔషధజ్ఞునిచేతనో చెప్పించుకొని నింపుడు. ఆ కాగితము వంటయింటి గోడకు అంటించుడు. క్రింద ఎఱ్ఱసిరాతో 108 అని వ్రాయుడు.

పాఠశాలలో అక్షరములు నేర్చుట పరీక్షలకే యని పిల్లలు అనుకొందురు. తాను వ్రాసిన తెలుగు కాగితమును చూచి అవ్వ సరియైన వేళకు సరియైన మాత్ర వేసికొనుట కన్ననాడు, అక్షరమేల నేర్చితిమో వారికే తెలియును. మా తల్లిగారి గోడమీది కాగితమును వ్రాసినది ఈ బడిలో ఏడవ తరగతి చదువుచున్న మా మనుమరాలు. ఆ కాగితము మా పినతండ్రిగారి కాలమున లేకపోయెను.